ఆధునికోత్తర గేదె

మా జిల్లా కలెక్టరుగారు కథలు రాస్తారు. ఈ సంగతి జిల్లాలో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆయన కథ పత్రికలో వచ్చిన ఆదివారం గడిచి సోమవారం వచ్చిందంటే ఏ ఆఫీసులోనూ ఫైలు కదలదు. అటెండరు దగ్గర్నుంచి జాయింటు కలెక్టరు దాకా అందరూ ఆ కథ ముందేసుకుని, తమకు బాగా నచ్చిన వాక్యం ఏదో ఎంచుకునే పనిలో ఉంటారు. ఒకరు పొగిడిన వాక్యాన్ని ఇంకొకరు పొగడటం బాగుండదు గనక, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి "అతను తలుపు వేశాడు" లాంటి వాక్యాలే మిగులుతాయి. వాళ్ళు వాటినే పట్టుకుని, ఆ తలుపు వెయ్యడంలోని లోతు గురించి మాట్లాడాలి.

ఆ కథలన్నీ పుస్తకంగా వస్తే జిల్లా కేంద్రంలో సభ పెట్టారు. చివర్లో లేచిన ఒక విమర్శకుడు, "ఈ కథలు చాలా ఆధునికంగా ఉన్నాయి" అన్నాడు. కలెక్టరుగారు సంతోషంగా తల పంకించారు. విమర్శకుడు మంచినీళ్ళు తాగి, "కాకపోతే ప్రపంచం ఆధునికాన్ని దాటిపోయి చాలాకాలమైంది. ఇప్పుడంతా ఆధునికోత్తరం. పోస్ట్‌మోడర్నిజం అంటారు. మన జిల్లా ఇంకా అక్కడిదాకా రాలేదు" అని కూర్చున్నాడు.

ఆ ఆఖరి ముక్క కలెక్టరుగారికి ముల్లులా దిగింది. మరుగుదొడ్లలో, మొక్కలు నాటడంలో, టీకాల్లో రాష్ట్రానికే ముందు నడుస్తున్న జిల్లా ఇది. ఒక్క కథలో వెనకబడటమేమిటి? వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది. కార్యక్రమం పేరు 'ఇంటింటా ఆధునికోత్తరం'. మండలానికి ఇన్ని, పంచాయతీకి ఇన్ని అని కథల లక్ష్యం. నెలాఖరుకల్లా అప్‌లోడ్ కావాలి. మా చీమలబండ పంచాయతీకి ఏడు కథలు పడ్డాయి.

మా పంచాయతీ కార్యదర్శి ఇమ్మానుయేలు ఆ కాగితం పట్టుకుని నేరుగా మా మిరపచేలోకి వచ్చాడు. నేను తెలుగులో ఎమ్మే చదివి, ఊళ్ళో మిరప వేసుకుంటూ, తీరిక దొరికితే కథలు రాస్తుంటాను. అందుకని కాగితంతో వచ్చే ఏ కష్టమైనా మా గట్టు మీదికే వస్తుంది.

"సాంబయ్యగారూ, మీరే గట్టెక్కించాల. ఇదేందో చెప్పండి" అన్నాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.

మార్గదర్శకాలు చదివాను.

"కథకు ముగింపు ఉండరాదు. ముగింపు ఉన్నట్లు తేలినచో బాధ్యులపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును. కథలో నిజము ఒక్కటే ఉండరాదు; ఒకదానితో ఒకటి పొసగని నిజములు కనీసము మూడు ఉండవలెను. రచయిత కథలో స్వయముగా కనిపించవలెను, ఆధార్ నకలు జతపరచవలెను. పాత్రలకు కథలో నుండి బయటకు వచ్చు స్వేచ్ఛ కలదు. దానిని ఎవరును అడ్డుకొనరాదు. అర్థమగు కథలు తిరస్కరింపబడును. ప్రతి కథపైనను ఒక గెజిటెడ్ అధికారి 'చదివితిని, అర్థము కాలేదు' అని ధ్రువీకరించవలెను."

"ఇదంతా సరే, అసలు ఆ మాటకి అర్థమేందండీ?" అన్నాడు ఇమ్మానుయేలు.

నాకు తెలిసినంతలో చెప్పాను. "పెద్దోళ్ళు ఒక పెద్ద కథ చెప్తారయ్యా. లోకం ఇట్టా నడుస్తంది, ఇట్టా నడిస్తేనే అందరూ బాగుపడతారు, ఇదొక్కటే నిజం అని. దాన్ని గుడ్డిగా నమ్మకుండా, ఈ కథ చెప్పేదెవురు, ఎందుకు చెప్తన్నాడు అని అనుమానంగా చూడటం. అసలు సరుకు అది. ముగింపు లేకపోడం, పాత్రలు బయటికి రాడం, ఇయ్యన్నీ ఆ అనుమానం ఏసుకునే ఏషాలు."

ఇమ్మానుయేలు మొహం పాలిపోయింది. "అంటే కలెక్టరుగారు చెప్పింది నమ్మకూడదనా?"

"అట్టా కూడా అనుకోవచ్చు."

"కలెక్టరుగారు చెప్పింది నమ్మకూడదని కలెక్టరుగారే సర్క్యులర్ ఇస్తారా? ఊరుకోండి సార్, నా ఉద్యోగానికి ఎసరు పెట్టబాకండి. ఈ కాగితంలో అనుమానం ఊసు లేదు. ఏషాలే ఉండయ్యి. మనకి ఏషాలు చాలు."

మర్నాటి నుంచి కథల సేకరణ మొదలైంది. ఇమ్మానుయేలు ముందుగా గొర్రెల పుల్లయ్య తాత దగ్గర కూర్చుని ఫోనులో రికార్డు పెట్టాడు. పుల్లయ్య తాత అడవిలో దెయ్యం కథ అందుకున్నాడు. దెయ్యం తెల్లచీర కట్టుకుని మంద చుట్టూ తిరుగుతోంది, కుక్కలు మూలుగుతున్నాయి, తాత దుడ్డుకర్ర తీసుకున్నాడు, దెయ్యం ఇటు తిరిగింది...

"చాలు తాతా, చాలు! అక్కడ ఆపు!" అని ఇమ్మానుయేలు ఫోను లాక్కున్నాడు.

"ఆపేదేందిరా! కర్ర ఎత్తినా. దించొద్దా?"

"దించబాకు తాతా, నీకు పుణ్యముంటది. దించితే ముగింపు అయిపోద్ది."

"మరి దెయ్యం చచ్చిందా లేదా?"

"మూడు రకాలుగా చెప్పు. చచ్చిందని ఒకటి, చావలేదని ఒకటి, అసలు దెయ్యమే లేదని ఒకటి."

పుల్లయ్య తాత కార్యదర్శిని ఎగాదిగా చూశాడు. "నా ఈపు మీద దాని గోళ్ళ గీతలుంటే, దెయ్యం లేదంటావా? పో అవతలకి!" అని అదే కర్ర ఎత్తాడు. ఈసారి దించేట్టే ఉంటే ఇమ్మానుయేలు వచ్చేశాడు.

ఆ వారంలో ఎన్ని ఇళ్ళు తిరిగినా అదే వరస. మా ఊరోళ్ళు కథ మొదలుపెడితే తుదిదాకా చెప్పందే వదలరు. పైగా అందరి కథలూ అర్థమవుతున్నాయి. నెలాఖరు దగ్గర పడింది. లక్ష్యం ఏడు, సాధించింది సున్నా. మెమో ఖాయమని ఇమ్మానుయేలు పంచాయతీ ఆఫీసులో తల పట్టుకుని కూర్చున్న పూట, గురవమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా సెక్రెట్రీ, నా బర్రె సంగతేం చేశావు?"

గురవమ్మ బర్రె సంగతి తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు గానీ, బయటివాళ్ళ కోసం చెప్పాలి. పంచాయతీ ఆఫీసు వెనక గోడకు ఆనుకుని గురవమ్మ గొడ్లకొట్టం. అన్నదమ్ముల పంపకాల్లో ఆమె మొగుడి వంతుకు వచ్చిన ముక్క అది. సందులాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వీధివైపు ఒక్క తలుపు పట్టేంతే వెడల్పు. రెండు పక్కలా మరిది గోడలు. వాటిని తాకకూడదని మరిది కోర్టు స్టే తెచ్చాడు. వెనక పంచాయతీ గోడ. అది ప్రభుత్వ ఆస్తి, రాయి కదిపితే కేసు. మొగుడు పోయాక ఆ కొట్టంలో ఒక్క పడ్డదూడను కొనుక్కుని, బుజ్జి అని పేరు పెట్టుకుని, దాని పాలతో బతకొచ్చని గురవమ్మ ఆశ పెట్టుకుంది.

అప్పుడు కరెంటోళ్ళు వచ్చి, పంచాయతీ ఆఫీసుకు లైను లాగుతూ, ఆ కొట్టం తలుపుకు ఎదురుగా జానాబెత్తెడు ఎడంలో సిమెంటు స్తంభం పాతారు. ఇదేందయ్యా అంటే, "దూడ పడుతుందిగా" అన్నారు. పట్టింది. దూడ కదా. గురవమ్మ అప్పుడే అర్జీ పెట్టింది, దూడ పెరుగుతుందని. వచ్చే సోమవారం తీస్తామన్నారు. సోమవారాలు వచ్చాయి, పోయాయి. బుజ్జి మాత్రం ఆగకుండా పెరిగింది. మొదట పొట్ట రాసుకుంటూ దూరేది, తర్వాత ఊపిరి బిగబట్టి దూరేది. ఒక సాయంత్రం బలవంతాన లోపలికి దూరి, ఆ పూట తెలగచెక్క కాస్త ఎక్కువ తిని, తెల్లారి బయటికి రాలేకపోయింది. అంతే. అప్పట్నుంచీ లోపలే ఉంది. గురవమ్మ పక్కకు తిరిగి దూరి మేత వేసేది, నీళ్ళు పెట్టేది. పశువుల ఆసుపత్రి కుర్రాడు పక్కకు తిరిగి దూరి సూదేశాడు. బుజ్జి చూలు కట్టింది. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి.

"నిన్నే అడిగేది. పలకవేంది?" అంది గురవమ్మ. "నిండు చూలుది. ఆ సందులో పక్కకి ఒరిగి పడుకోను చోటు లేదు. దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి లాగేదెవురు? డాక్టరు పొట్ట ఆ సందులో పట్టదు. నాకున్నది అదొక్కటే. అది పోతే నేను పోయినట్టే."

"చూస్తున్నాం పెద్దమ్మా" అని అలవాటుగా అంటూ ఇమ్మానుయేలు ఆమె ఫైలు తీశాడు. అలవాటుగానే తిరగేశాడు. తిరగేస్తూ తిరగేస్తూ ఆగిపోయాడు.

ఆ ఫైలులో నాలుగు శాఖల నివేదికలున్నాయి. విద్యుత్తు శాఖ ఇలా రాసింది: "స్తంభము పూర్వము నుండియు కలదు. కొట్టమే తదుపరి కాలమున స్తంభము వెనుకకు వచ్చి చేరినది." రెవెన్యూ శాఖ ఇలా రాసింది: "రికార్డుల ప్రకారము సదరు స్థలమున కొట్టమేదియు లేదు. లేని కొట్టములో గేదె ఇరుక్కొనుట సాధ్యము కాదు." పశువైద్య శాఖ: "గేదె ఇరుక్కొనలేదు, పెరిగినది. ఇది శాఖ సాధించిన ప్రగతి. దారి చాలనిచో మేత తగ్గించి గేదెను సన్నబరచవచ్చును. చూలుతో ఉన్నందున సన్నబరచరాదు." పంచాయతీ నివేదిక ఇమ్మానుయేలు స్వయంగా రాసిందే: "గేదె కలదు. కొట్టము కలదు. స్తంభము మాత్రము మా దృష్టికి రాలేదు." ఆ స్తంభం మీంచి వచ్చే కరెంటుతోనే ఆయన నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది.

ఇమ్మానుయేలు మార్గదర్శకాలు పక్కన పెట్టుకుని సరిచూశాడు. పొసగని నిజాలు మూడు చాలు, ఇందులో నాలుగున్నాయి. రచయిత్రి మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా వేలిముద్రతో సహా కనపడుతోంది, ఆధార్ జతపరిచే ఉంది. ముగింపు లేదు. ముగింపు వచ్చే సూచన కూడా లేదు.

"పెద్దమ్మా, నువ్వు కూర్చో. టీ తాగుతావా?" అన్నాడు. ఆ ఆఫీసులో గురవమ్మకు ఎవరైనా కుర్చీ వెయ్యడం అదే మొదలు. ఆమెకు అప్పుడే అనుమానమొచ్చింది.

ఫైలు మండలాఫీసుకు వెళ్ళింది. మా ఎంపీడీవో వీరభద్రాచారిగారు దాన్ని రెండుసార్లు చదివి, "గేదె ఉన్నదా, లేదా?" అని అడిగారు. "అదే సార్ ఆధునికోత్తరం" అన్నాడు ఇమ్మానుయేలు. వీరభద్రాచారిగారు "చదివితిని, అర్థము కాలేదు" అని రాసి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. తన సర్వీసు మొత్తంలో మనస్ఫూర్తిగా పెట్టిన సంతకం అదేనని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

పంపింది ఏడుకు ఒక్కటే అయినా, గురవమ్మ అర్జీకి జిల్లా మొదటి బహుమతి వచ్చింది.

ఫైలు కలెక్టరాఫీసు దాకా పోయిందని తెలియగానే కరెంటు శాఖవాళ్ళకు గుండెల్లో రాయి పడింది. బహుమతి కోసం పోయిందని వాళ్ళకెవరూ చెప్పలేదు. తమ మీద చర్యకే పోయిందనుకుని, ఆ పొద్దే లైన్‌మన్ మస్తాన్‌ను మనుషుల్తో, గడ్డపారల్తో పంపారు. మస్తాన్ కొత్త స్తంభం వీధి అవతల పాతి, తీగలు దాని మీదికి మార్చి, పాత స్తంభం మొదట్లో తవ్వడం మొదలుపెట్టాడు. గురవమ్మ చేతులు జోడించి నిలబడింది. తలుపు సందులోంచి బుజ్జి మూతి కనపడుతోంది. స్తంభం ఒక పక్కకు ఒరిగింది కూడా.

అంతలో జీపు వచ్చి ఆగింది. శుభవార్త చెబుదామని పూలదండతో దిగిన వీరభద్రాచారిగారు, స్తంభం ఒరగడం చూసి గావుకేక పెట్టారు.

"ఆపండి! అది ముగింపు! ముగింపు వచ్చేస్తోంది!"

మస్తాన్ గడ్డపార పట్టుకుని గుంతలోనే బిగుసుకుపోయాడు.

"ఏందయ్యా వచ్చేది?" అంది గురవమ్మ.

వీరభద్రాచారిగారు ఆమె మెడలో దండ వేసి, గొంతు సవరించుకున్నారు. "అమ్మా, తమరు ఇప్పుడు సాధారణ అర్జీదారు కారు. జిల్లాలోకెల్లా ఉత్తమ ఆధునికోత్తర రచయిత్రి. కావున తమరు సహకరించవలెను. స్తంభము తొలగించినచో గేదె బయటకు వచ్చును. గేదె బయటకు వచ్చినచో కథ ముగియును. కథ ముగిసినచో బహుమతి రద్దగును. బహుమతి రద్దయినచో జిల్లా ర్యాంకు పడిపోవును. ఒక గేదె నిమిత్తము జిల్లాను పడవేయుదుమా?"

"నా బర్రెకి పొదుగు దిగింది సారూ! రేపో మాపో ఈనేటట్టుంది!"

"ఈనుటను గురించి మార్గదర్శకాలలో ప్రస్తావన లేదు."

"లేకపోతే ఈనకుండా ఆగుద్దా? మీ కథ కోసం నోరులేని గొడ్డుని చంపుతారా?"

"చంపుట కూడా కూడదమ్మా. చనిపోయిననూ ముగింపే అగును. అది ఉన్నది ఉన్నట్లు లోపలే ఉండవలెను. కావలసినచో మేతకు ప్రత్యేక కేటాయింపు కోరుతూ పై అధికారులకు రాయగలము."

మస్తాన్ నెమ్మదిగా, "గుంత తవ్వినం సార్. ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

"పూడ్చండి. మొదటికన్నా గట్టిగా."

ఆ సాయంత్రం స్తంభాన్ని నిటారుగా నిలబెట్టి, మొదట్లో కాంక్రీటు పోశారు. తీగలు లేవు, కరెంటు లేదు, బల్బు లేదు, ఉత్త స్తంభం. దానికి 'ఆధునికోత్తర వారసత్వ స్తంభము, తాకరాదు' అని బోర్డు కట్టారు. కరెంటు లేని స్తంభానికి ఆ బోర్డెందుకని మస్తాన్ అడిగితే, ప్రశ్న అర్థవంతంగా ఉందని, అటువంటివి వద్దని వీరభద్రాచారిగారు చెప్పారు.

పొద్దు వాలేవేళకు గురవమ్మ మా అరుగు మీదికొచ్చి కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. మెడలో దండ అలాగే ఉంది. అందులోంచి ఒక్కో బంతిపువ్వూ తుంచి పక్కన పెడుతోంది, బుజ్జికి పెట్టడానికి.

"ఆ కాయితం నీ దగ్గరుందంటగా సాంబయ్యా. నాకు చదివి చెప్పు. ఏమీ దాచబాకు."

మొదట్నుంచీ చదివాను. ముగింపు దగ్గర నాకు వినపడకుండా తిట్టింది, నిజాల దగ్గర వినపడేట్టే తిట్టింది. పాత్రల దగ్గరికి వచ్చేసరికి పువ్వు తుంచే చెయ్యి ఆగింది.

"అది మళ్ళా చదువు."

"పాత్రలకు కథలో నుండి బయటకు వచ్చు స్వేచ్ఛ కలదు. దానిని ఎవరును అడ్డుకొనరాదు."

"పాత్రంటే?"

"కథలో ఉండేవాళ్ళు."

"మా బుజ్జి ఉందా కథలో?"

"అదే లేకపోతే కథేముంది గురవమ్మక్కా!"

"కింద కలెక్టరు సంతకముందా?"

"ఉంది."

"ఈ మాట నమ్మొచ్చంటావా?"

"ఎవురేం చెప్పినా తేలిగ్గా నమ్మకూడదనే ఆ చదువు మొత్తానికి అర్థం" అన్నాను.

గురవమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. "నేనెట్టాగూ నమ్మను. నా మొగుడు పోయిన కాడ్నుంచీ ఆఫీసోళ్ళ మాట ఒక్కటీ నమ్మలా. ఆయన్ని నమ్మనీ, ఆయన రాసుకున్నది" అని పువ్వులన్నీ కొంగులో వేసుకుని లేచింది. పోతూ పోతూ మస్తాన్ ఇంటి ముందు ఆగడం చూశాను.

బహుమతి ప్రదానం కథ జరిగిన చోటే జరగాలని కలెక్టరుగారు పట్టుబట్టారు. పంచాయతీ ఆఫీసు హాల్లో సభ. వెనక గోడకు పెద్ద ఫ్లెక్సీ, అందులో కలెక్టరుగారు దిగంతాల్లోకి చూస్తున్నారు. ఆ గోడకు అవతలే బుజ్జి. ఊరు ఊరంతా వచ్చింది. గొర్రెల పుల్లయ్య తాత ముందు వరసలో, దుడ్డుకర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు.

కలెక్టరుగారు మైకు అందుకున్నారు. మనిషి మంచివాడే, సాహిత్యమంటే కళ్ళు తడి చేసుకునే రకం. "ఈ కథలో స్తంభం అంటే స్తంభం కాదు. అది అధికారం. గేదె అంటే గేదె కాదు. అది మన అచేతన..." అంటుండగా గోడ అవతల్నుంచి, "అంబే..." అని పెద్ద అరుపు వినపడింది. కడుపు నొప్పితో అరిచే అరుపది. గొడ్లున్న వాళ్ళందరికీ తెలిసింది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆ స్వరం ఎవరిది?" అన్నారు కలెక్టరుగారు మైమరచి.

"కథానాయికది సార్" అన్నారు వీరభద్రాచారిగారు.

"అద్భుతం."

గురవమ్మకు శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది.

"అయ్యా, నేను చదువుకోలా. నాకో అనుమానం. మీరు రాసిన కాయితంలో, కథలో ఉన్నోళ్ళు కథలోంచి బయటికి రావచ్చని ఉందంట. నిజమేనా?"

కలెక్టరుగారి మొహం వెలిగిపోయింది. ఇన్ని మండలాలు తిరిగినా, ఇంతవరకూ ఒక్కరూ సిద్ధాంతం గురించి అడగలేదు. "నిజమేనమ్మా! ఆధునికోత్తరానికి ప్రాణమే అది. పాత్ర తన కథను బద్దలు కొట్టుకుని బయటికి వస్తుంది. మన మధ్యకు వస్తుంది. రచయితను నిలదీస్తుంది!"

"ఎవురూ అడ్డం పడగూడదనా?"

"ఎవరికీ హక్కు లేదు. నాకు కూడా లేదు. ఈ మాట మినిట్స్‌లో రాసుకోండి."

ఇమ్మానుయేలు రాసుకున్నాడు.

గురవమ్మ మైకు బల్ల మీద పెట్టింది. "ఒరే మస్తానూ!" అని కేకేసింది.

వెనక వరసలో గోనెసంచీ మీద కూర్చున్న మస్తాన్ లేచాడు. సంచీలోంచి గడ్డపారలు బయటికొచ్చాయి. వేదిక మీదికెక్కి, ఫ్లెక్సీ తాళ్ళు విప్పి, దాన్ని మర్యాదగా మడతపెట్టి పక్కన పెట్టి, గోడలో మొదటి రాయికి గడ్డపార దూర్చాడు. ఎప్పుడో మట్టితో కట్టిన బండరాళ్ళ గోడ. సున్నం రాలింది.

"ప్రభుత్వ గోడ! క్రిమినల్ కేసు! ఎవరక్కడ!" అని వీరభద్రాచారిగారు అడ్డం దూకారు.

"సారే చెప్పారుగా" అంది గురవమ్మ.

కలెక్టరుగారు బాధగా చూశారు. "వీరభద్రాచారిగారూ, మీరు పాత్రను అడ్డుకుంటున్నారా?"

"లేదు సార్! లేదు సార్! నేను... సహకరిస్తున్నాను సార్" అంటూ వీరభద్రాచారిగారు చొక్కా చేతులు పైకి మడిచి, రెండో రాయి తానే లాగడం మొదలుపెట్టారు. ఎంపీడీవో లాగుతుంటే తహసీల్దారు ఊరుకుంటాడా? తహసీల్దారు లాగితే వ్యవసాయాధికారి ఊరుకుంటాడా? మా ఊరి సిమెంటు రోడ్డు పూర్తికావడానికి ఐదేళ్ళు పట్టింది గానీ, ఆ గోడ పావుగంటలో దిగింది.

ముందు దుమ్ము వచ్చింది. దుమ్ములోంచి రెండు కొమ్ములు, తర్వాత తడి మూతి, తర్వాత నిండుగర్భంతో బుజ్జి వచ్చింది. ఎన్ని నెలలకో వెలుతురు చూసిన గొడ్డు, వేదిక మీద ఒక్క క్షణం కళ్ళు చికిలించి నిలబడింది. కలెక్టరుగారి కోసం తెచ్చిన పూలగుచ్ఛం తినేసింది. మైకు వాసన చూసి, అందులోకి ఒక అరుపు అరిచింది. చీమలబండ మొత్తానికీ వినపడింది.

కలెక్టరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు. అధికారులందరూ లేచి, ఆయన ఆపేదాకా కొట్టారు. "పాత్ర రచయితను నిలదీయడం ఇదే చూడటం" అన్నారాయన గద్గదంగా. "దాన్ని ఎటు వెళ్ళమనీ చెప్పకండి. దాని ఇష్టం."

దాని ఇష్టప్రకారం అది వేదిక దిగి, కుర్చీల మధ్యగా నడిచి, వాకిట్లోకి పోయి, నేల మీద బారుగా పక్కకు ఒరిగింది. దూడ నిజంగానే అడ్డం తిరిగింది. పశువుల డాక్టరు తన పొట్టతో సహా హాయిగా కూర్చుని, చెయ్యి పెట్టి, సరిచేసి లాగాడు. ఆడదూడ. గురవమ్మ బహుమతి శాలువాతో దాన్ని తుడిచింది.

"చూశావా, కర్ర ఎత్తితే దించాల" అని పుల్లయ్య తాత ఇమ్మానుయేలుతో అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు కలెక్టరుగారికి బదిలీ అయింది. కొత్త కలెక్టరుగారు కథలు చదవరు. ఆయనకు పెండింగు అంటే గిట్టదు. వారంలోగా జిల్లాలో ప్రతి ఫైలుకూ ముగింపు ఉండాలని, లేకపోతే శాఖాపరమైన చర్య తప్పదని సర్క్యులర్ ఇచ్చారు. మస్తాన్ మళ్ళీ గడ్డపార భుజాన వేసుకుని గురవమ్మ కొట్టం ముందుకొచ్చాడు.

"స్తంభం తీస్తన్నా పెద్దమ్మా."

"ఎందుకు?" అంది గురవమ్మ. ఆమె స్తంభానికి కట్టేసిన దూడ మెడ గోకుతోంది.

"ఎందుకేంది? ఇన్నేళ్ళు నువ్వు తిరిగింది దీనికేగా!"

"అప్పుడు తీయలేదుగా. ఇప్పుడొద్దు. స్తంభం తీశావనుకో, కొట్టానికి తలుపు దారి వచ్చిందని ఆ గోడలో కంత పూడుస్తారు. కంత పూడిస్తే పంచాయతీ ఫ్యాను గాలి లోపలికి రాదు. ఎండాకాలం నా బర్రె నీడపట్టున ఫ్యాను కింద పడుకుంటంది. నీకేమన్నా నొప్పా?"

మస్తాన్ జేబులోంచి కాగితం తీసి, "అర్జీదారు అభ్యంతరం తెలిపినందున పని నిలిపివేయడమైనది" అని రాసి వేలిముద్ర వేయించుకున్నాడు. ఫైలు మళ్ళీ మొదటికొచ్చింది.

తన ఆఫీసు గోడలో కంత పడిందని ఇమ్మానుయేలు కూడా ఒక అర్జీ పెట్టుకున్నాడు. దానికి నాలుగు నివేదికలు వచ్చాయి. గోడ కంటే ముందునుంచే అక్కడ కంత ఉన్నదని ఒక శాఖ రాసింది. మిగతావి నేను చదవలేదు.

ఇప్పుడు బుజ్జి పొద్దున మేతకు పంచాయతీ ఆఫీసు మీదుగానే బయటికి పోతుంది, సాయంత్రం దాని మీదుగానే లోపలికి వస్తుంది. గ్రామసభ జరుగుతుంటే అందరూ కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తారు. ఆ మధ్య కొత్త కలెక్టరుగారు ఆకస్మిక తనిఖీకి వచ్చి, ఈ ఆఫీసుకు వేళకు వచ్చి వేళకు పోయేదెవరని ఊరివాళ్ళను అడిగారు. మా వాళ్ళు ఉన్నమాటే చెప్పారు.